మడ అడవుల పక్క ఊరి అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది తాళ్లరేవు మండలంలో ఒక మత్స్యకార గ్రామం. కాకినాడలో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో నాన్నతో పడవ మీద హోప్ ఐలాండ్ వైపు వెళ్లినప్పుడు ఒడ్డున చచ్చి పడివున్న సముద్రపు తాబేళ్లను చూశాను. వాటిని చంపడం నేరమని బడిలో చెప్పారు గానీ, ఆ నేరాన్ని ఎవరు పట్టుకుంటారో, ఎలా రుజువు చేస్తారో ఎవరూ చెప్పలేదు. అమెరికాలో వన్యప్రాణి చట్టాల అమలు మీదే డిగ్రీ ఉందని ఫోన్‌లో చదివాను. అటువంటి చదువు మన దగ్గర ఉందా? ఐదేళ్ల లా కోర్సులో చేరమంటారా, బీఎస్సీ చదవమంటారా? పోలీసు ఉద్యోగం లాంటిది ఆడపిల్లకెందుకని మా మామయ్య అంటున్నారు. మడలో కట్టెలు తెచ్చుకునేవాళ్లు, పీతలు పట్టుకునేవాళ్లు అందరూ మనవాళ్లే, రేపు వాళ్ల మీదే కేసులు రాస్తావా అని అమ్మ అడుగుతోంది. నాకు దారి చెప్పగలరు.

సమాధానం: అమ్మా, నేను అటవీశాఖలో బీట్ల వెంట, అంటే ఒక్కో ఉద్యోగి కాపలా కాసే అడవి భాగాల వెంట తిరిగి, కొన్ని బీట్లు కలిసిన రేంజ్ ఆఫీసులో కేసులు రాసి, కోర్టు బోనులో నిలబడి సాక్ష్యం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం గోదావరి పాయల మధ్యనే గడిచింది. మీ నాలుగు ప్రశ్నల్లో చివరిది అన్నిటికన్నా బరువైనది కనుక దాని గురించి నిదానంగా చెబుతాను. ముందుగా చదువు సంగతి చూద్దాం.

మీరు ఫోన్‌లో చదివింది నిజమే. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని యూనిటీ కాలేజీ సంరక్షణ చట్టాల అమలు అనే పేరుతోనే డిగ్రీ నడిపింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో గేమ్ వార్డెన్ అనే అధికారులుంటారు. వేట లైసెన్సు ఉందా, ఇది వేటకు అనుమతించిన కాలమేనా, ఎన్ని జంతువులను కొట్టవచ్చో అంతకు మించి కొట్టారా అని చూడటం వారి పనిలో పెద్ద భాగం. పోలీసులకుండే అధికారాలు వారికీ ఉంటాయి కాబట్టి ఆ చదువులో జీవశాస్త్రమూ, నేరన్యాయమూ కలిసి ఉంటాయి. మన పరిస్థితి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి ఇక్కడ వేటను దాదాపు పూర్తిగా మూసివేశాయి. లైసెన్సు చూడటం కాదు, జరగకూడనిది జరిగిందని నిరూపించడమే ఇక్కడి అధికారి పని. అందుచేత ఆ పేరున్న డిగ్రీ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. ఆ చదువులోని భాగాలన్నీ ఇక్కడా ఉన్నాయి, కాకపోతే ఒకే చోట దొరకవు. జంతుశాస్త్రం డిగ్రీ కళాశాలలో, చట్టం లా కళాశాలలో, శిక్షణ ఉద్యోగం వచ్చాక అకాడమీలో దొరుకుతాయి. వాటిని ఏ వరసలో అందుకోవాలన్నది మాత్రం మీరు ఇప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే వరస తప్పితే కొన్ని తలుపులు మూసుకుపోతాయి.

ఐదేళ్ల లా కోర్సు గురించి మీరు అడగడం మంచిదైంది. చట్టాన్ని అమలు చేసే ఉద్యోగం కావాలంటే లా చదవాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఇంటర్ తరువాత నేరుగా బీఏ ఎల్ఎల్‌బీలో చేరితే, యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు మీకు అర్హత ఉండదు. ఆ పరీక్షకు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితం, గణాంకశాస్త్రం, భూగర్భశాస్త్రం, పశుపోషణ-పశువైద్యం, వీటిలో కనీసం ఒకటి డిగ్రీలో చదివి ఉండాలి. లేదా వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజనీరింగ్ డిగ్రీ ఉండాలి. ఏపీపీఎస్సీ ద్వారా భర్తీ చేసే రేంజ్ అధికారి ఉద్యోగానికి కూడా ఇటువంటి విజ్ఞానశాస్త్ర సబ్జెక్టుల్లోనే డిగ్రీ అడుగుతారు. లా చదివినవారు అటవీ కేసులను కోర్టులో వాదించగలరు, పర్యావరణ సంస్థల్లో పనిచేయగలరు, కొన్నేళ్లు ప్రాక్టీసు చేసి అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కూడా కాగలరు. అది గొప్ప పనే. కానీ మీ ఉత్తరం చదివితే మీకు ఒడ్డు మీద నిలబడి చేసే పని కావాలని నాకు అనిపించింది. అందుకే ముందు బీఎస్సీ అంటున్నాను.

కాకినాడలోని పిఠాపురం రాజావారి ప్రభుత్వ కళాశాల మీకు దగ్గరలోనే ఉంది. అక్కడైనా, అమలాపురంలోనో రాజమహేంద్రవరంలోనో అయినా, జంతుశాస్త్రం గానీ వృక్షశాస్త్రం గానీ ప్రధానాంశంగా తీసుకోండి. పేరున్న కళాశాల కోసం ఇల్లు వదిలి దూరం వెళ్లవలసిన అవసరం ఈ దశలో లేదు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ ఉంది. దాని ప్రవేశ నిబంధనలు మీకు వర్తిస్తాయో లేదో ఆ ఏటి ప్రకటన తెప్పించుకుని చూడండి. దొరికితే మంచిదే, దొరకకపోతే నష్టమేమీ లేదు. డిగ్రీ పూర్తయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయవచ్చు. మా శాఖలో చట్టం చదివినవాళ్లు తక్కువ. ఉన్న ఆ కొద్దిమంది టేబుల్ మీదకే క్లిష్టమైన ఫైళ్లన్నీ చేరడం నేను చూశాను.

డిగ్రీ వరకు ఆగలేని పరిస్థితి ఇంట్లో ఉంటే ఇంటర్ అర్హతతోనే బీట్ అధికారి, అసిస్టెంట్ బీట్ అధికారి ఉద్యోగాలున్నాయి. వాటినీ ఏపీపీఎస్సీయే భర్తీ చేస్తుంది. చేరినవారికి రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువులోని రాష్ట్ర అటవీ అకాడమీలో శిక్షణ ఉంటుంది. బీట్ అధికారి ఉద్యోగాన్ని చిన్నదని ఎవరైనా అంటే నమ్మకండి. ఏ కేసు అయినా ఆ స్థాయిలో మొదలవుతుంది, పాడైతే చాలావరకు అక్కడే పాడవుతుంది.

అది ఎలా పాడవుతుందో నా అనుభవమే చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఒక వానాకాలం రాత్రి, గోదావరి వంతెన దాటిన తరువాత చెక్‌పోస్టు దగ్గర ఒక మినీ లారీని ఆపాము. పైన కొబ్బరికాయలు, వాటి కింద తడి గోనెసంచులు. సంచి మూతి విప్పగానే బురద వాసనతో పాటు పెంకులు ఒకదానికొకటి ఒరుసుకుంటున్న చప్పుడు వచ్చింది. మన చెరువుల్లోనూ పంటకాలువల్లోనూ ఉండే నీటి తాబేళ్లు అవి. మాంసం కోసం ఒడిశా, బెంగాల్ వైపు తరలించే వ్యాపారం మన జిల్లాల్లో ఏనాటి నుంచో ఉంది. టార్చిలైటు వెలుగులో ఇద్దరం లెక్కపెట్టి 143 అని రాశాము. వాన పడుతోంది, డ్రైవరు కాళ్లావేళ్లా పడుతున్నాడు, తాబేళ్లు చచ్చిపోతాయేమోనని మా ఆదుర్దా మాది. తెల్లవారేసరికి ఆరు చనిపోయాయి. వాసన వస్తుందని ఎవరో వాటిని పెరట్లో పాతిపెట్టారు. ఎవరు పాతారో, ఏ వేళకు పాతారో, ఎవరి ఎదుట పాతారో ఏ కాగితం మీదా లేదు. మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లేటప్పటికి లెక్క 137 అయింది. రెండేళ్ల తరువాత విచారణలో ముద్దాయి తరపు న్యాయవాది, మిగతా ఆరు ఏమయ్యాయని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మధ్యవర్తుల నివేదిక, అంటే పంచనామా మీద సంతకం చేసిన ఇద్దరూ మా దగ్గర కూలికి వచ్చేవాళ్లేనని తరువాతి ప్రశ్నలో తేలింది. కేసు కొట్టేశారు. లారీ యజమాని కోర్టు మెట్లు దిగుతూ నాకు నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ నివేదిక రాసిన చేయి నాదే, ఆ తప్పు నాదే.

ఆ రోజు నుంచి నేను పట్టుకున్న ప్రతి కేసులోనూ మొదట చూసుకున్నది కాగితాన్నే. మీరు కళాశాలలో నేర్చుకోవలసిన చట్టం కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది, కాబట్టి కొన్ని సెక్షన్ల గురించి ఇప్పుడే చెబుతాను. వన్యప్రాణి చట్టంలో వేట అనే మాటకు రెండో సెక్షన్‌లో ఉన్న అర్థం మనం మామూలుగా అనుకునేదానికన్నా చాలా పెద్దది. చంపడమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, తరమడం, ఎర వేయడం అన్నీ వేటే. పక్షుల, సరీసృపాల విషయంలో గుడ్లను పాడుచేయడం, గూడును కదిలించడం కూడా వేటే. అంటే హోప్ ఐలాండ్ ఇసుకలోంచి తాబేలు గుడ్లు తవ్వి తీసినవాడు ఒక్క తాబేలునూ తాకకపోయినా వేటగాడే. ఈ ఒక్క నిర్వచనం తెలియక, గుడ్లతో దొరికినవాణ్ని మందలించి పంపేసిన సిబ్బందిని నేను ఎరుగుదును.

యాభయ్యో సెక్షన్ సోదా చేసే, స్వాధీనం చేసుకునే, అరెస్టు చేసే అధికారాన్ని ఇస్తూనే, పట్టుకున్న మనిషినీ వస్తువునూ వెంటనే మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని కట్టుబాటు పెడుతుంది. రేంజ్ అధికారికి పైన ఉండే అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి నమోదు చేసిన సాక్ష్యం కోర్టులో చెల్లుతుందని కూడా అదే సెక్షన్ చెబుతుంది, కానీ దానిని ముద్దాయి సమక్షంలో నమోదు చేసి ఉండాలి. యాభై అయిదో సెక్షన్ మరీ ముఖ్యం. వన్యప్రాణి నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించాలంటే అధికారం ఉన్న అటవీ అధికారి ఫిర్యాదు చేయాలి, లేదా 60 రోజుల ముందు నోటీసు ఇచ్చిన ఏ పౌరుడైనా ఫిర్యాదు చేయవచ్చు. పోలీసులు ఎంత కష్టపడి పట్టుకున్నా, వారి ఛార్జిషీటు ఒక్కటే దానికి చాలదు. రోడ్డు మీద తాబేళ్లు పట్టుబడిన కబురు పత్రికలో ఫోటోతో సహా వచ్చి, ఆ తరువాత ఆ కేసు ఊసే లేకుండా పోవడానికి ఇది ఒక కారణం. ఇక యాభై ఏడో సెక్షన్ ప్రకారం వన్యప్రాణి గానీ, దాని మాంసం గానీ ఒకరి స్వాధీనంలో ఉన్నట్టు రుజువైతే, అది చట్టవిరుద్ధం కాదని చూపించుకోవలసిన బాధ్యత ఆ మనిషిదే. చట్టం చివర జాతుల పేర్లతో ఉండే జాబితాలను షెడ్యూళ్లు అంటారు; వాటిలో మొదటి షెడ్యూలులోని జంతువుకు సంబంధించిన నేరానికి శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల వరకు ఉండవచ్చు, 2022 సవరణ తరువాత జరిమానా కూడా 25,000 రూపాయలకు తగ్గదు. ఇంత పెద్ద శిక్ష ఉన్న చోట న్యాయమూర్తి ఆధారాన్ని అంతే గట్టిగా అడుగుతారు, అడగాలి కూడా. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేరచట్టాలు సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయడానికి ప్రాధాన్యం ఇస్తున్నాయి గనుక, మీ తరం అధికారులకు ఫోన్ కూడా పంచనామా పుస్తకమంత అవసరం.

ఇంత చట్టం చెబుతూ బీఎస్సీ చదవమనడం ఎందుకని మీకు అనిపించవచ్చు. చట్టమంతా షెడ్యూళ్ల మీద నిలబడి ఉంది, షెడ్యూళ్లు జాతుల పేర్ల మీద నిలబడి ఉన్నాయి. ఆ 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినప్పుడు ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, అంతకు ముందు నాలుగో షెడ్యూలులో ఉన్న నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలుకు చేరింది. పంజరంలో పెట్టి జోస్యం చెప్పించే రామచిలుక రెండో షెడ్యూలులో ఉంది, కాబట్టి దానిని పెంచుకోవడమూ అమ్మడమూ నేరమే. సంచిలో ఉన్నది ఏ తాబేలో చెప్పలేని అధికారి ఏ సెక్షన్ రాయాలో కూడా చెప్పలేడు. చెట్లకూ ఇదే వర్తిస్తుంది. మీ పక్కనున్న కోరింగ మడ అడవిలో తెల్లమడ, నల్లమడ, తిల్ల, కళింగ, పొన్న పక్కపక్కనే పెరుగుతాయి. మీ ఊరివాళ్లకు వాటిని వేరు చేయడం ఎవరూ నేర్పనక్కరలేదు, తిల్ల పాలు కంట్లో పడితే ఏమవుతుందో చిన్నప్పుడే తెలుసుకుంటారు. కానీ నివేదికలో తెల్లమడ కొట్టారని రాసి, కోర్టు ముందు తిల్ల దుంగ పెడితే కేసు ఏమవుతుందో మీరే ఊహించండి. మీకు అమ్మానాన్నల దగ్గర నుంచి వచ్చిన ఆ గుర్తుపట్టే కన్ను ఉంది. డిగ్రీ దానికి శాస్త్రీయ నామాన్ని జతచేస్తుంది.

గుర్తుపట్టడానికి రూపమే మిగలని సందర్భాలూ ఉంటాయి. గిన్నెలో ఉడికిన మాంసం ముక్క దొరికితే అది మేకదో, తాబేలుదో, బావురుపిల్లిదో కంటితో చెప్పలేము. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల డీఎన్‌ఏను చదివి అది ఏ జాతిదో చెబుతుంది. ఆ ముక్కను ఎలా భద్రపరచాలి, సీలు మీద ఎవరి సంతకం ఉండాలి, ప్రయోగశాలకు చేరేదాకా అది ఎవరెవరి చేతులు మారిందో ఎలా రాయాలి అన్నది మళ్లీ బీట్ స్థాయి పనే. మీకు ప్రయోగశాల మీద మనసుంటే ఎంఎస్సీ తరువాత అటూ వెళ్లవచ్చు. దేశవ్యాప్తంగా జరిగే అక్రమ రవాణా మీద పనిచేసే వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థ కూడా ఉంది. 2006 సవరణతో ఏర్పడిన ఆ సంస్థలోకి అటవీ, పోలీసు, కస్టమ్స్ శాఖల నుంచి అధికారులు డెప్యుటేషన్ మీద వస్తారు. మీరు చూసిన అమెరికా డిగ్రీకి దగ్గరగా వచ్చే పని మన దేశంలో ఏదైనా ఉందంటే అది అక్కడే ఉంది. కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకోండి.

డెల్టాలో ఉద్యోగానికి మరొక చిక్కు ఉంది, నల్లమల అడవిలో పనిచేసేవాళ్లకు అది ఇంతగా ఉండదు. ఇక్కడ హద్దు నిలకడగా ఉండదు. పోటు వచ్చినప్పుడు నీరున్న చోట పాటులో బురద తేలుతుంది, ఒక వరదకు లంక కోసుకుపోయి మరొక చోట మేట వేస్తుంది. 1978లో ప్రకటించిన కోరింగ అభయారణ్యం 235.70 చదరపు కిలోమీటర్లు. ఆ గీత లోపల వన్యప్రాణి చట్టం ఉంది. గీత బయట మడ ఉంటే అది తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల్లో అత్యంత రక్షణ ఉన్న మొదటి తరగతిలోకి వస్తుంది, కానీ దానిని కాపాడవలసినది వేరే యంత్రాంగం. పక్కన రొయ్యల చెరువు ఉంటే 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం కింద దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ చట్టం రావడానికి ముందు 1996 డిసెంబరులో, జగన్నాథన్ అనే సర్వోదయ నాయకుడు వేసిన కేసులో, తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. లా చదివినా చదవకపోయినా ఆ తీర్పును మీరు తప్పక చదవాలి. సముద్రంలో వల వేసేది మత్స్యశాఖ పరిధి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధమూ, మరబోట్ల వలలకు తాబేలు తప్పించుకుని బయటపడే పరికరం అమర్చాలన్న నిబంధనా ఆ శాఖ చూడవలసినవి. మీరు చూసినటువంటి తాబేళ్లు చాలావరకు శాఖల మధ్య ఉన్న ఈ ఖాళీలోనే చనిపోతాయి. తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి నీటి పైకి రావాలి, లాగుడు వలలో గంటల తరబడి చిక్కుకుంటే మునిగి చనిపోతుంది. చనిపోయేది మత్స్యశాఖ చూసే నీటిలో, ఒడ్డుకు కొట్టుకొచ్చేది అటవీశాఖ చూసే ఇసుకలో. రెండు శాఖల చట్టాలూ తెలిసిన మనిషి మా దగ్గర తక్కువ. పడవ మీద పెరిగిన అమ్మాయి ఆ మనిషి కావాలని నేను నిజంగా కోరుకుంటున్నాను.

మీ మామయ్యగారి మాటకు జవాబు చెప్పడం తేలిక. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులోకి మహిళలు 1980లోనే వచ్చారు. మా శాఖలో ఇప్పుడు బీట్ల మీద తిరిగే అమ్మాయిలు చాలామంది ఉన్నారు. పరీక్షల్లో నడక పరీక్ష ఉంటుంది. రాష్ట్ర ఉద్యోగాలకు మహిళలు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు, యూపీఎస్సీ వారి పరీక్షకు 14 కిలోమీటర్లు నడవాలి. ఎత్తు సాధారణంగా 150 సెంటీమీటర్లకు తగ్గకూడదు. కొన్ని వర్గాలకు సడలింపు ఉంటుంది, అది ప్రకటనలో చూసుకోండి. మీ ఊరి నుంచి రోజూ ఏటిగట్టు మీద నడిచే అలవాటు ఉంటే ఆ పరీక్షకు వేరే తర్ఫీదు అక్కర్లేదు. కష్టం లేదని మాత్రం అనను. రాత్రి గస్తీ ఉంటుంది, పడవలో నలుగురు మగవాళ్ల మధ్య మీరొక్కరే ఉండవలసి వస్తుంది, మూత్రానికి చోటు ఉండదు. ఈ మాట ఎవరూ బయటికి చెప్పరు, కానీ ఉద్యోగం మానేసిన అమ్మాయిలు నాతో మొదట చెప్పిన కారణం అదే. చేరిన తరువాత అడగడానికి మొహమాటపడకండి.

ఇక అమ్మగారి ప్రశ్న. అవునమ్మా, మనవాళ్ల మీద కేసు రాయవలసి రావచ్చు. దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ చట్టాన్ని పూర్తిగా చదివినవాళ్లకూ, సగం చదివినవాళ్లకూ తేడా కనిపించేది ఇక్కడే. 2006 అటవీ హక్కుల చట్టం మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవి మీద ఆధారపడి బతుకుతున్న ఇతర సంప్రదాయ నివాసులను కూడా గుర్తిస్తుంది. నీటి వనరుల్లోని చేపల మీదా ఇతర ఉత్పత్తుల మీదా సామూహిక హక్కు అడిగే వీలు ఆ చట్టం మూడో సెక్షన్‌లో ఉంది. పీతలు పట్టుకునే కుటుంబాన్ని బెదిరించి పంపే అధికారికి ఈ సెక్షన్ తెలియదు, తెలిసినా చెప్పడు. మీరు తెలుసుకుని చెప్పండి. మన పక్కనే ఉన్న కొల్లేరును చూడండి. 1999లో ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006 నాటికి లోపలి చేపల చెరువుల గట్లను యంత్రాలతో తెంపవలసి వచ్చింది. ఆ చెరువుల్లో పెద్ద పెట్టుబడిదారులవీ ఉన్నాయి, సొసైటీ పేరున చిన్నవాళ్లవీ ఉన్నాయి. గట్టు తెగినప్పుడు ఇద్దరిదీ తెగింది, కానీ తరువాత కోలుకున్నది ఇద్దరూ కాదు. కాగితం మీద హద్దు గీసిన రోజే ఊళ్లో కూర్చుని ఎవరి హక్కు ఎంతో తేల్చి ఉంటే ఆ కన్నీళ్లు చాలావరకు తప్పేవని నా నమ్మకం.

మోపు కట్టెలతో దొరికిన ముసలమ్మనూ, పడవల నిండా మడ నరికించి చెరువు తవ్వించే మనిషినీ చట్టం ఒకే తూకం వేయమని ఎక్కడా చెప్పలేదు. నేరం ఎంతటిదో చూసి రాజీ రుసుముతో ముగించే వీలు కొన్ని నేరాలకు చట్టంలోనే ఉంది, మొదటి షెడ్యూలు జంతువులను వేటాడటం వంటి పెద్ద నేరాలకు లేదు. ఆ తేడాను గౌరవించి పనిచేసే అధికారిని ఊరు వెలివేయదు. నేను పనిచేసిన ఊళ్లలో తాబేళ్ల వ్యాపారి కబురు నాకు తెచ్చినవాళ్లు వలలు అల్లుకునే మనుషులే. 1996 నవంబరు తుపానులో మడ ఉన్న చోట అల ఎలా విరిగిందో వాళ్ల ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అమ్మగారికి ఈ మాట చెప్పండి: కేసు ఎవరి మీద రాయాలో, ఎవరి మీద రాయనవసరం లేదో తెలిసిన మనిషి ఆ కుర్చీలో ఉంటేనే మనవాళ్లకు మేలు.

పరీక్షలు అయ్యాక ఏం చేయాలో కూడా చెబుతాను. ముందుగా వన్యప్రాణి చట్టం తెలుగు ప్రతిని సంపాదించి రెండో సెక్షన్, తొమ్మిదో సెక్షన్, యాభై నుంచి యాభై ఏడు వరకు నెమ్మదిగా చదవండి. పాత ప్రతి అయితే 2022 సవరణను పక్కన పెట్టుకుని చదవాలి, లేకపోతే షెడ్యూళ్లు తప్పుగా తలకెక్కుతాయి. వేసవిలో కాకినాడ కోర్టులో ఒక రోజు వెనక బెంచీ మీద కూర్చుని ఏదైనా కేసులో సాక్షిని అడ్డు ప్రశ్నలు ఎలా అడుగుతారో వినండి. అటవీ కేసే కానక్కర్లేదు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఒక్కొక్కటి నూరు గుడ్లకు పైగా ఇసుకలో పెడుతుంది, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. వచ్చే సీజన్‌లో బీట్ అధికారిని అడిగి, సంరక్షణ కేంద్రం కోసం గుడ్లు సేకరించేవాళ్లతో ఒక రాత్రి నడవండి. చచ్చిన తాబేలు కనబడితే ముట్టుకోకుండా ముందు చుట్టూ చూడండి. తేదీ, వేళ, చోటు, అది పోటో పాటో రాయండి. పెంకు మీద కోత ఉందా, మెడకో రెక్కకో వల తాడు గుర్తు ఉందా, తోక పెంకు దాటి పొడుగ్గా ఉందా చూడండి. తోక పొడుగ్గా ఉంటే అది మగది. పెంకు పొడవును టేపుతో మధ్యగీత వెంట ముందు అంచు నుంచి వెనక అంచు వరకు కొలవాలి, కానీ ఆ పని సిబ్బంది ఎదుటే చేయాలి. ఎంత అందంగా ఉన్నా పెంకు ముక్క ఒక్కటి కూడా ఇంటికి తీసుకురావద్దు. చనిపోయిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తే, దగ్గర ఉంచుకున్నందుకు మీ మీదే కేసు రాయవచ్చు. లెక్కించిన కళేబరం మీద సిబ్బంది రంగుతో గుర్తు పెడతారు, మరుసటి రోజు దానినే రెండోసారి లెక్కపెట్టకుండా. ఆ గుర్తు ఉందో లేదో కూడా రాసుకోండి. అలా రాసిన పుస్తకంలో మొదటి నాలుగు పేజీలు నిండాక నకలు తీసి నాకు పంపండి. కోర్టులో న్యాయవాది అడిగినట్టుగా వాటి మీద ప్రశ్నలు రాసి తిప్పి పంపుతాను.